పది మార్కుల ప్రశ్న

తిరుపతిలో పేపర్లు దిద్దే క్యాంపు.
పొద్దున ఇరవై, మధ్యాహ్నం ఇరవై.
కిటికీ అవతల కొండ సగం మబ్బులో ఉంది.
దిద్దిన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టాలి,
తేదీలో నెలపేరు అక్షరాల్లోనే రాయాలి,
అది ఇక్కడి రూలు.

ఎనిమిదో ప్రశ్న:
తొలి రోమన్ చక్రవర్తుల పాలనా స్వభావమును వివరింపుము.

అందరిదీ ఒకే గైడు.
అందరి ఆగస్టస్సూ ఒకే పేజీలో శాంతి నెలకొల్పి
ఒకే అచ్చుతప్పుతో చచ్చిపోతాడు.
ఆరు వేస్తాను. ఆరున్నర.
అక్షరాలు గుండ్రంగా ఉంటే ఏడు.

ముప్పై ఒకటో పేపరు.
పేరుండదు, నంబరే.
చౌక పెన్ను, వెనక పేజీకి ఊరిన నలుపు.

"చిత్తూరు బెల్లం మండీలో మా తాత తూకం గుమాస్తా.
అక్కడ సంఘం అధ్యక్షుడి కుర్చీ ఒకటుండాది.
టేకుది. మీద ఉతికిన టవలు.
పదమూడేండ్లుగా దాంట్లో ఎవరూ కూర్చోలేదు.
జ్ఞానశేఖరం గారు దాని పక్కన
ముక్కాలి పీట మీద కూర్చుంటారు.
'నేనూ మీలో ఒకణ్ణే కదప్పా' అంటారు.
పదవి ఇస్తామంటే మూడుసార్లు చేతులు జోడించి వద్దన్నారు.
వద్దన్న ప్రతిసారీ ఒక తాళంచెవి
ఆయన మొలతాడుకు చేరింది:
గోడౌనుది,
తూకంరాళ్ళ పెట్టెది,
అప్పుల పుస్తకం ఉండే బీరువాది.

మీటింగు నెలనెలా జరుగుతుంది, కోరమూ ఉంటుంది.
తీర్మానం చదివినాక, చేతులెత్తేముందు
అందరూ ఆయన వక్క నమిలే దవడ వైపు చూస్తారు.
దవడ ఆగిందా, ఎవరి చెయ్యీ లేవదు.

రోములో పెద్దల సభ కూడా ఇట్లే కూర్చునేదంట.
రాజు అనే మాట వాళ్ళకు చేదు.
ఆగస్టస్ ఆ మాటొక్కటి పారేసి
మిగిలిందంతా ఇంట్లో పెట్టుకున్నాడు.
ఆడవాళ్ళు ఇంట్లో నేసిన బట్ట కట్టుకుని
'మొదటి పౌరుణ్ణి, అంతే' అన్నాడు.

తిబేరియస్‌కి ఆ పీట మీద కూర్చోవడం చేతకాలేదు.
వద్దు వద్దంటాడు.
ఆ మాట నిజమని నమ్మినవాణ్ణి
మనసులో పెట్టుకుంటాడు.

కాలిగులా పీటను తన్నేసినాడు.

మా మండీలో కూడా ఈ ఏడు గంగజాతర అయినాక
జ్ఞానశేఖరం గారి అల్లుడొచ్చి
టవలు తీసి పక్కన పడేసి కుర్చీలో కూర్చున్నాడు.
అందరూ బిత్తరపోయినారు.
మా తాత మాత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటా అన్నాడు:
'పోనీలే పాపా,
ఇన్నాళ్ళకు ఎవరికి దండం పెట్టాలో తెలిసింది.'

క్లాడియస్, నీరోల గురించి రాయడానికి టైము లేదు.
అదనపు కాగితం అడిగినా ఇయ్యలేదు."

జవాబుల పట్టీలో ఆరు పాయింట్లున్నాయి.
బెల్లం ఒక్కదాంట్లోనూ లేదు.
తొమ్మిది వేశాను.

ఈసారి క్యాంపుకి చీఫ్ ఎవరూ లేరు.
సమన్వయం మాత్రమే చూస్తానని
ఒకాయన మా బల్లల మధ్య తిరుగుతుంటాడు.
కాగితం చూపించాను.
"మీ ఇష్టం మాస్టారూ, మధ్యలో నేనెవర్ని?" అన్నాడు
నవ్వుతూ.
టీ గ్లాసు పెదవి దాకా వచ్చి
అక్కడే ఆగిపోయింది.

అంతే.
అంతకుమించి ఏమీ జరగలేదు.
ఆయన పక్క బల్లకు వెళ్ళేసరికి
తొమ్మిది మీద గీత ఉంది,
పక్కన ఆరున్నర ఉంది,
రెండూ నా చేతిరాతే.

ఆ పిల్ల నంబరు ఒకసారి నోట్లో అనుకుని
సంతకం పెట్టాను.
కింద తేదీ వేస్తూ
నెలపేరు సగం రాశాక
పెన్ను ఆగింది.

ఆగస్టు.